గురువారం రక్తం

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నేనే ముందుగా చెప్పేస్తే తరవాత ఇంకెవరూ చెప్పే పని ఉండదు. మా నాన్న చెక్‌పోస్టులో పనిచేసేవాడు. లారీ ఆగితే పైకి కనిపించే బస్తాలు చూసి వదిలేవాడు కాదు, టార్పాలిన్ విప్పించి అడుగు బస్తా దాకా చెయ్యి పెట్టేవాడు. ఆ చెయ్యే నాకూ వచ్చింది. ఢిల్లీలో, బేర్ సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉన్నన్నాళ్లూ పాల ప్యాకెట్ అతుకు చూడకుండా కొన్నది లేదు. ఇంటి ఓనరు ఆంటీ నేను పట్టుకునే నీళ్ల బకెట్లు లెక్కపెడుతోందని నా అనుమానం. ఆవిడ మోటారు వేసే వేళలు నేను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఒకరినొకరు ఏమాత్రం నమ్మకుండా ఇద్దరం చాలా మర్యాదగా గడిపేశాం.

ఇలాంటి మనిషికి పరిశోధన సరిగ్గా అతికే పని అని నేను అనుకున్నాను. అప్పటికి తొంభైలు చివరికొచ్చాయి. దక్షిణ ఢిల్లీలోని ఒక ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. తెల్లరక్తకణాలు ఎలా నడుస్తాయన్నది నా విషయం. ఊళ్లో చుట్టాలకి చెబితే "కణాలు నడుస్తాయా" అని నవ్వేవాళ్లు. నడుస్తాయి. ఒంట్లో ముల్లు గుచ్చుకుని అక్కడ సూక్ష్మజీవులు చేరితే, ఈ కణాలు రక్తనాళం గోడలోంచి దూరి బయటపడి, పాకుతూ అక్కడికి చేరతాయి. వాటికి కళ్లు లేవు, ముక్కు లేదు. తేలుతున్నప్పుడు శనగగింజలా గుండ్రంగా ఉంటాయి, ముందూ వెనకా అని ఏమీ ఉండదు. సూక్ష్మజీవులు విదిల్చిన తునకలు ఒక పక్క కాస్త ఎక్కువ, ఇంకో పక్క కాస్త తక్కువ తగిలితే చాలు, ఎక్కువ తగిలిన వైపుకి పాదం చాపుతాయి. అదే ముందు అని కణానికి లోపల ఎవరు చెబుతున్నారన్నది అప్పట్లో చాలామందిని పట్టుకున్న ప్రశ్న.

కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది. లోపలి సరుకు ఒలికిపోకుండా ఉంచే సంచీ అని మేం డిగ్రీలో చదువుకున్నాం. అది సంచీ మాత్రమే కాదు. ఆ పొర లోపలి వైపు చాలా కొద్దిగా ఉండే ఒక లిపిడ్, అంటే ఒక రకం కొవ్వు, ఉంది. బయట తునక తగిలినచోట ఒక ఎంజైము వచ్చి ఆ లిపిడ్‌కి ఇంకో ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అక్కడ గుర్తు పడినట్టన్నమాట. గుర్తు ఉన్నచోటికి ప్రోటీన్లు వచ్చి చేరి పాదం కట్టడం మొదలుపెడతాయి. ఆ గుర్తును తుడిచేసే ఎంజైములు కూడా ఉన్నాయని అప్పుడప్పుడే మాట్లాడుకుంటున్నారు. పలక మీద రాసి తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకున్నట్టు, కణం తన ముందూ వెనకా ఎప్పటికప్పుడు రాసుకుంటూ నడుస్తుంది.

ఆ లిపిడ్‌ని నేను ఎన్నడూ కళ్లతో చూడలేదు. ఒకరకం బూజు నుంచి తీసిన విషం ఉండేది, అది ఆ ఎంజైమును ఆపేస్తుంది. సగం కణాలకి ఆ విషం వేస్తాను, మిగతా సగానికి వెయ్యను. వెయ్యనివి తిన్నగా నడవాలి, వేసినవి దారి తప్పాలి. అలా, లేనప్పుడు ఏం పాడవుతుందో చూసి, ఉన్నప్పుడు అది ఏం చేస్తోందో చెప్పాలి. దొంగని చూడకుండా అడుగుజాడలు చూసి పట్టుకునే పని కాబట్టి నాకు మహా ఇష్టంగా ఉండేది.

మైక్రోస్కోప్‌కి ఒక కెమెరా, కెమెరాకి టేపు, టేపుకి ఒక పాత టీవీ. సన్నని గాజు సూదిలోంచి ఆ తునకలు కారుతుంటే కణాలు సూది వైపు పాకడం ఇరవై నిమిషాలు రికార్డు చేసేదాన్ని. తరవాత టీవీ తెర మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు అంటించి, అర నిమిషానికోసారి టేపు ఆపి, ఒక్కో కణం అంచు చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసేదాన్ని. బాగా నడిచిన కణం షీటు మీద ఒకదాని మీద ఒకటి జరిగిన గీతల వరసలా కనిపించేది. నడవని కణం ఒకేచోట నల్లగా అలుక్కుపోయిన మరకలా ఉండేది.

ఈ కణాలు నిలవ ఉండవు. తీసిన కొద్ది గంటల్లో వాడెయ్యాలి. అందుకని మా దగ్గర గురువారం రక్తం అని ఒక పద్ధతి ఉండేది. మా ల్యాబువాళ్లు, పక్క ల్యాబులవాళ్లు కలిపి పన్నెండు మంది పేర్లతో వంతుల కాగితం ఒకటి గోడకి అంటించాం. గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి హెల్త్ సెంటర్ నుంచి నర్సు దీదీ వచ్చి, వంతు వచ్చినవాళ్ల దగ్గర ఇరవై మిల్లీలీటర్లు తీసేది. ఇచ్చినవాళ్లకి క్యాంటీన్‌లో టీ, బ్రెడ్ పకోడా నేను పెట్టించాలి. రిజిస్టరు రాయడం నా పని. తేదీ, పేరు, తిని వచ్చారా, గత పదిహేను రోజుల్లో మందులేమైనా వాడారా, ఎంత తీశాం. అందరూ పాతికేళ్ల అటూ ఇటూ ఉన్నవాళ్లే. కొన్ని వారాలు గడిచేసరికి ఈ తంతు చకచకా అయిపోయేది.

పన్నెండు మందిలో అతనొకడు. నాకన్నా ఏడాది జూనియర్, కరీంనగర్ వైపు వాడు, జియా సరాయ్‌లో ఉండేవాడు. నాది గుంటూరు వైపు. ల్యాబు మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే కాబట్టి మొదటిరోజు నుంచీ నన్ను అక్కా అనేవాడు. అతనికి కణాలతో పనిలేదు. లిపిడ్‌లని క్లోరోఫామ్‌లో కరిగించి, ఆరబెట్టి, కృత్రిమంగా పొరలు తయారుచేసి వాటి గుణాలు కొలిచేవాడు. వరండా చివర కిటికీ సరిగ్గా తెరుచుకోని సాల్వెంట్ గదిలో పొద్దస్తమానం ఉండేవాడు. సెప్టెంబరులో అతని వంతు వచ్చింది. ఆరోజు కణాలు ఎంత బాగా నడిచాయో చెప్పలేను. పకోడా తినేసి వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు.

"ఇవి నావేనా అక్కా? బస్సు తప్పినోని లెక్క ఉరుకుతున్నయి," అన్నాడు.

షీటు మీద గీయడం అయ్యాక అది తనకిమ్మని అడిగాడు. డేటా ఎవరికీ ఇవ్వకూడదన్నాను. జిరాక్స్ అయినా తీసుకుంటానన్నాడు. అదీ వద్దన్నాను. ఎందుకడుగుతున్నాడా అని ఆ రాత్రి పడుకునే ముందు కూడా ఆలోచించాను.

ఆలోచించడానికి కారణం ఉంది. మా ఇద్దరి ఫెలోషిప్పులూ మార్చిలో అయిపోతాయి. ఆ తరవాతి రెండేళ్లకి ప్రాజెక్టులో ఒకటే సీటుంది. మా గైడు ఒక మేడమ్, యాభై దాటినావిడ, తక్కువ మాట్లాడేది. మార్చిలో ఇద్దరూ సెమినార్ ఇవ్వండి, పని చూసి ఒకరికి ఇస్తాను అని చెప్పేసింది. అది రాకపోతే నేను పెట్టె సర్దుకుని వెళ్లి ఏదో జూనియర్ కాలేజీలో కప్ప బొమ్మ గీయించుకుంటూ బతకాలి. అతనికీ అంతే.

దీపావళి వెళ్లింది. ఢిల్లీ గాలి మసిబట్టిన గ్లాసులా తయారైంది. ఆ చలికి రక్తం ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకడికి జలుబు, ఒకామెకి నీరసం, ఒకడు సూది పేరెత్తితే కనిపించడు. నేను వంతుల కాగితం ముందు తలపట్టుకుని నిలబడితే, అతనే వచ్చాడు.

"నీకియ్యాల మనిషి దొరకలేదంట గదా. నాది తీస్కో అక్కా."

"సూదికి భయం లేదా నీకు?"

"అలవాటైంది తియ్," అన్నాడు.

ఆ గురువారం కణాలు నడవలేదు. విషం వేసినవి నడవకపోతే పరవాలేదు, వెయ్యనివి కూడా నడవలేదు. గాజుకి సరిగ్గా అతుక్కోకుండా, పాదం చాపకుండా, గుండ్రంగా అలా ఉండిపోయాయి. కణాలని తేలేసే ఉప్పుద్రావణం, మేం బఫర్ అంటాం, అది పాడైందనుకుని పారబోసి కొత్తది చేశాను. తరవాతి వారం పక్క ల్యాబు అమ్మాయి రక్తం ఇచ్చింది, కణాలు చక్కగా నడిచాయి. డిసెంబరులో మళ్లీ అతనే ముందుకొచ్చాడు. మళ్లీ అన్నీ మరకలే. సంవత్సరం చివరి వారంలో ల్యాబు సగం ఖాళీ, మళ్లీ అతనే, మళ్లీ అంతే. జనవరి మొదట్లో ఇంకొకరు ఇస్తే మళ్లీ పరుగు.

ఇది చదివేవాళ్లకి ఇప్పటికే తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే సెప్టెంబరు షీటు నా గోడ మీద ఉంది. అన్నిటికన్నా బాగా నడిచినవి అతని కణాలే. కాబట్టి రక్తంలో లోపం లేదని తీర్మానించేశాను. రక్తంలో లేదంటే ఇంకెక్కడుంది? మిగతా రోజుల్లో అతను నా కణాల గదిలోకి అడుగే పెట్టడు. రక్తం ఇచ్చిన రోజు మాత్రం వస్తాడు, అటూ ఇటూ తిరుగుతాడు, సీసాలు ఎత్తి చూస్తాడు. అతను వచ్చిన రోజే కణాలు పడుకుంటాయి. రక్తం ఇస్తానన్నది లోపలికి రావడానికి ఒక వంక అని నాకు రూఢి అయిపోయింది. మార్చి దగ్గర పడుతోంది కదా.

అక్కడినుంచి నాన్న చెయ్యి నాలో లేచింది. బఫర్ సీసా మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో సన్నగీత పెట్టాను. ఇంక్యుబేటర్ తలుపు సందులో నా తలవెంట్రుక ఒకటి పెట్టి మూశాను. పొద్దున్నే వచ్చి చూస్తే వెంట్రుక లేదు. అరగంట తరవాత అది నా స్వెట్టర్ మీద దొరికింది, అయినా నా అనుమానం తగ్గలేదు.

అతన్ని గమనించడం మొదలుపెట్టాను. గమనిస్తే బోలెడన్ని దొరికాయి. మాట మధ్యలో లేచి మెట్ల వైపు వెళ్లిపోయేవాడు, ఐదు నిమిషాలకి తిరిగొచ్చేవాడు. వచ్చాక చేతులు సన్నగా వణికేవి. తప్పు చేసినవాడి చేతులు అలాగే వణుకుతాయి అనుకున్నాను. రెండు నెలల్లో ముఖం గుండ్రంగా నిండింది. క్యాంటీన్‌లో పరాఠాలు నాలుగు తిని ఐదోది చెప్పేవాడు. నేను బెంగతో ఎండిపోతుంటే వీడు ఒళ్లు చేస్తున్నాడు చూడు అని కడుపు మండిపోయేది. ఒకసారి రక్తం తీస్తూ నర్సు దీదీ అతని చెయ్యి తిప్పి చూసింది.

"అరే భయ్యా, జరా సా ఛువా ఔర్ నీలా పడ్ గయా," అంది. ముట్టుకుంటేనే కమిలిపోతోందని. నిజంగానే మోచేతి కింద నీలం మచ్చలు రెండు మూడున్నాయి. అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. దాస్తున్నాడు అని నేను మనసులో రాసుకున్నాను. దీదీ నా వైపు చూసింది, ఏదో అడుగుతానేమో అన్నట్టు. నేను రిజిస్టరులో ఇరవై అని రాసి మూసేశాను.

జనవరి చివర్లో ఒక ఉపాయం చేశాను. రెండు బఫర్లు తయారుచేశాను. ఒకటి ఎప్పటిలా బల్ల మీద పెట్టాను. రెండోది నా టిఫిను డబ్బాలో పెట్టి, దాని మీద మూత్రం శాంపిల్ అని రాసి, ఫ్రిజ్‌లో అడుగు అరలో దాచాను. ఆ వారం కూడా ఇచ్చేవాళ్లు లేక అతనే ఇచ్చాడు. దాచిన బఫర్ వాడాను. కణాలు నడవలేదు. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అక్కడ ఆగి, తప్పు బఫర్‌లో లేదని ఒప్పుకునేవాళ్లు. నేను మాత్రం, మూత్రం డబ్బా కూడా వదలకుండా వెతికాడంటే వీడు ఎంతకైనా తెగించాడు అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అతను కోటు కొక్కేనికి తగిలించి, ఎవరో పిలిస్తే కిందికి వెళ్లాడు. వరండాలో ఎవరూ లేరు. కోటు జేబులో చెయ్యి పెట్టాను. నల్లటి కెమెరా రీలు డబ్బా తగిలింది. మూత తీస్తే రీలు లేదు, తెల్లటి చిన్న మాత్రలున్నాయి. పేరు లేదు, చీటీ లేదు. నా కణాల్లో కలుపుతున్నది ఇదే అనుకున్నాను. నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. ఒక మాత్ర తీసి చిన్న ప్లాస్టిక్ ట్యూబులో వేసుకుని, డబ్బా ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

తిన్నగా మేడమ్ గదికి వెళ్లి అంతా చెప్పాను. గురువారాల పట్టిక గీసి చూపించాను, ఒక గడిలో అతను వచ్చిన రోజులు, ఇంకో గడిలో కణాలు నడవని రోజులు. రెండూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టున్నాయి. మేడమ్ చాలాసేపు పట్టిక వైపు చూసింది. అతన్ని పిలవమంది, నన్ను ఉండమంది.

అతను వచ్చాడు. మేడమ్ తెల్లకాగితం మీద ఆ మాత్ర పెట్టి "ఇది నీదేనా?" అని ఇంగ్లీషులో అడిగింది. అతను మాత్ర వైపు చూసి, తరవాత నా వైపు చూశాడు. జేబులోంచి రీలు డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు. ప్యాంటు జేబులోంచి నీలం రంగు ఇన్‌హేలర్ తీసి దాని పక్కన పెట్టాడు.

చిన్నప్పటినుంచీ ఉబ్బసం ఉందన్నాడు. ఊళ్లో ఎప్పుడో తగ్గిపోయిందనీ, ఢిల్లీ పొగకి నవంబరు నుంచి మళ్లీ పట్టుకుందనీ, ఎక్కువైనప్పుడల్లా డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు కొన్నాళ్లపాటు వాడమంటున్నాడనీ చెప్పాడు. మాత్రల అట్ట కనబడితే ఎవరైనా అడుగుతారని డబ్బాలో వేసుకున్నాడట. ఊపిరాడనప్పుడు మెట్ల దగ్గరికి వెళ్లి ఇన్‌హేలర్ పీల్చుకుంటే చేతులు వణుకుతాయట. క్లోరోఫామ్ గదిలో పనిచేసేవాడికి ఉబ్బసం అని తెలిస్తే ఉండనివ్వరని ఎవరికీ చెప్పలేదన్నాడు. ఇదంతా తలెత్తకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

స్టెరాయిడ్ ఏం చేస్తుందో నాకు తెలియక కాదు. కణం పొరలో ఉండే లిపిడ్‌ని కోసి, ఆ ముక్కతో సంకేతం పంపే ఎంజైము ఇంకొకటుంది. స్టెరాయిడ్ దాన్ని అణచివేస్తుంది. కణాలు గోడలకి అతుక్కోవు, అటూ ఇటూ పాకవు, ఊపిరితిత్తుల వాపు తగ్గుతుంది. ఉబ్బసానికి ఇచ్చేదే అందుకు. ఈ విషయం నేను జూనియర్లకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని. గుండ్రటి ముఖం, తీరని ఆకలి, కమిలిపోయే చర్మం, ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. మూడు నెలలు కళ్లెదురుగా చూసి, ఒక్కొక్కటీ అతని మీద నేరంగా రాసుకున్నాను.

"డోనర్ రిజిస్టరు తీసుకురా," అంది మేడమ్.

తెచ్చాను. మేడమ్ మందుల గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చింది. పైన ఆగస్టులో నా చేతిరాతతో 'లేవు' అని నాలుగైదు సార్లుంది. ఆ తరవాత, పైదే మళ్లీ అని చెప్పడానికి పెట్టే రెండేసి చుక్కలు. చుక్కలు, చుక్కలు, పేజీ చివరిదాకా ఒకే పెన్నుతో, ఒకే వరసలో. మేడమ్ పేజీ తిప్పింది. ఇంకా రాని గురువారాలకి తేదీలు ముందే వేసి ఉన్నాయి. పేర్ల గడి ఖాళీ, ఎంత తీశామన్న గడి ఖాళీ, మందుల గడిలో మాత్రం చుక్కలున్నాయి. టైము కలిసొస్తుందని ఒక ఆదివారం కూర్చుని మార్చి చివరిదాకా పెట్టేశాను.

మేడమ్ రిజిస్టరు తెరిచే ఉంచి, అద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

వరండాలోకి వచ్చాం. అతను ముందు నడుస్తున్నాడు. సాల్వెంట్ గది తలుపు దగ్గర ఆగాడు.

"అడిగితే చెప్తుంటి గదక్కా," అన్నాడు. గొంతు ఏమీ పెంచలేదు. "మేడమ్‌కు చెప్పకపోతుంటి. నీకు చెప్తుంటి. ఒక్కనాడన్న అడిగినవా?"

"తప్పు నాదే. అడగాల్సింది," అన్నాను.

"నా జేబుల చెయ్యి పెట్టుడు అల్కగనిపించింది గానీ, నోటితోని ఒక్క మాట అడుగుడు కష్టమైందా నీకు?"

అతను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మరునాడు మేడమ్ అతన్ని ఆ గదికి వెళ్లొద్దంది. కోపంతో కాదు, దయతోనే. ఊపిరితిత్తులు పాడుచేసుకుని పీహెచ్‌డీ ఎందుకు నాయనా అన్నట్టు మెత్తగా చెప్పింది. అతని పనంతా ఆ గదిలోనే ఉంది. వేరే పని మొదలుపెట్టడానికి మార్చికి మిగిలింది మూడు వారాలు. అతను సెమినార్ ఇచ్చాడు, బాగా ఇచ్చాడు కూడా. అయినా సీటు నాకే వచ్చింది. నేను మంచి పని చేశానని కాదు, మిగిలింది నేను గనక. ఆ సాయంత్రం గదికెళ్లి ఒక్కదాన్నే సంతోషపడ్డాను. సిగ్గు కూడా పడ్డాను గానీ ముందు సంతోషపడ్డాను, అది రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

మేడమ్ నా శీతాకాలం టేపులన్నీ పక్కన పెట్టించింది. సెప్టెంబరు షీటు కూడా. మందుల గడిలో చుక్కలున్న రోజు ఏదీ లెక్కలోకి రాదంది. మార్చి నుంచి మళ్లీ మొదలు. రక్తం ఇవ్వడానికి ఎవరొచ్చినా ఎదురుగా కూర్చుని, ఒక్కో ప్రశ్నా అడిగి, జవాబు విని రాసేదాన్ని. చిత్రమేమిటంటే, అడగడం మొదలుపెట్టాక అందరికీ ఏదో ఒకటి ఉండేది. ఒకామె నెలనెలా నొప్పికి మాత్ర వేసుకుంటుంది. ఒకడు మొటిమలకి ఏదో యాంటీబయాటిక్ వాడుతున్నాడు. ఇన్నాళ్లూ నవ్వుతూ లేదన్నవాళ్లే, తలకాయ ఎత్తి చూస్తే చెప్పారు.

అతనికి నోయిడాలో ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఏప్రిల్ చివరిదాకా లైబ్రరీలో కూర్చుని చేసిన పనంతా రాసిచ్చి వెళ్లిపోవాలన్నది ఒప్పందం. మేం ఎదురుపడితే తల ఊపేవాడు. నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు. అక్కా అన్న పిలుపు ఆ వరండాలోనే ఆగిపోయింది.

ఏప్రిల్ ఆఖరి గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి నేను దూది, ట్యూబులు సర్దుతుంటే తలుపు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. దీదీ అప్పటికే వచ్చి చేతులు కడుక్కుంటోంది.

"ఇయ్యాల నా వంతు," అన్నాడు.

నిజమే, గోడ మీద కాగితంలో ఆ తేదీ ఎదురుగా అతని పేరుంది. దాన్ని కొట్టేసి ఇంకొకరి పేరు రాయడం నేను మరిచిపోయాను.

"అక్కర్లేదు. ఇంకెవరినైనా పిలుస్తాను," అన్నాను.

"పేరున్నది గదా. తీస్కోండి." కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

నేను రిజిస్టరు తెరిచాను. పెన్ను తీసి అతని ఎదురుగా కూర్చున్నాను.

"తిని వచ్చావా?"

"తిన్న."

"గత పదిహేను రోజుల్లో మందులేమైనా వాడావా?"

"లేవు. డాక్టర్ తగ్గించుకుంట వచ్చి, నెల కింద బంద్ చేయించిండు."

"ఇన్‌హేలర్?"

"అది గూడ అవసరం పడ్తలేదు. ఆ గదిలకు పోతలేను గదా," అన్నాడు.

నేను 'లేవు' అని రాశాను, చుక్కలు కాదు, అక్షరాలు. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా పూర్తిగా నమ్మలేదు. దీదీ రబ్బరు కడుతుంటే ముంజేయి మీద నీలం మచ్చలున్నాయా అని చూశాను. లేవు. నేను చూడటం అతను చూశాడు. ట్యూబు నిండాక దూది నొక్కి పట్టుకుని లేచాడు. పకోడా తినివెళ్లమన్నాను. లైబ్రరీలో పనుంది అన్నాడు.

పదకొండున్నరకి కణాలు టీవీ తెర మీదికొచ్చాయి. సూది దింపాను. నిమిషం కూడా గడవలేదు, ఒకటి పాదం చాపింది, దాని పక్కది చాపింది, తరవాత తెర అంతా కదిలింది. ముందువైపు పల్చటి అంచు విప్పుకుంటూ, వెనక తోక లాక్కుంటూ, అన్నీ ఒకే దిక్కుకి. కళ్లకి కనబడని ఆ లిపిడ్ ఏ వైపు పేరుకుని ఉందో వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా నడిచాయి. మనిషి చెబితే నమ్మని నేను కణాలు చెబితే నమ్మాను. షీటు అంటించి మొత్తం గీశాను. చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు.

ఆ షీటుకి జిరాక్స్ తీయించాను. సెప్టెంబరులో ఇవ్వనన్నది ఇప్పుడిద్దామని లైబ్రరీకి వెళ్లాను. అతను కూర్చునే బల్ల మీద పుస్తకాలు లేవు. రాసిన కాగితాలన్నీ పొద్దున్నే మేడమ్‌కి ఇచ్చేసి వెళ్లిపోయాడని కౌంటర్ దగ్గర ఆయన చెప్పాడు. లైబ్రరీలో అతనికి పనేమీ లేదు. రక్తం ఇవ్వడానికే ఆగాడు.

రెండేళ్ల తరవాత నా థీసిస్‌లో మొదటి బొమ్మ ఆ షీటే. పేర్లు రాయకూడదు కాబట్టి, 'ఆరోగ్యవంతుడైన ఒక దాత నుంచి' అని కింద రాశాను. వైవాకి బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు ఆ పేజీ దగ్గర ఆగి, బొమ్మ బాగుందని మెచ్చుకున్నాడు. దాతలు ఆరోగ్యంగా ఉన్నారని ఎలా నిర్ధారించుకున్నారు అని అడిగాడు. మేడమ్ పక్క కుర్చీలో కూర్చుని బల్ల వైపు చూస్తోంది.

"ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను సర్," అన్నాను.

ఎప్పటినుంచి అని ఆయన అడగలేదు.